ఇల్లు అమ్మువాడు చెప్పవలసిన మాటలు

(గ్రంథాలయ రజతోత్సవ సభలలోని ప్రసంగ పాఠము)

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని సామెత. కట్టిన ఇల్లు కొని చూడు అని పెద్దలెవరును చెప్పలేదు. వారి కాలమున ఇల్లు కొనుట అరుదు. తాతలు కట్టిన ఇంటిలోనే మనుమలు పుట్టుచుండిరి. ఏ గోడ ఎవరిదో, ఏ పెరటిగుండ ఎవరికి దారి కలదో, ఏ నూతి నీరు ఉప్పనో ఊరిలో పసిబిడ్డకును తెలిసియుండెను. అమ్మినను కొన్నను పొరుగువారే. నేడు అట్లు కాదు. ఉద్యోగము ముగించుకొనినవాడు తనకు పరిచయము లేని పేటలో, తానెన్నడును చూడనివాని వద్ద, మధ్యవర్తి మాటపై ఆధారపడి ఇల్లు కొనుచున్నాడు. ముప్పది ఏండ్లు కూడబెట్టిన సొమ్మును, ఆపైన తెచ్చిన బ్యాంకు అప్పును ఒక్క సంతకముతో చేయిదాటిపోవుచున్నవి. పొడిచెడు ఎద్దును కొన్నవాడు మరుసటి సంతలో నష్టమునకైనను అమ్ముకొనవచ్చును. చిక్కులున్న ఇల్లు కొన్నవాడు అందులో ఉండలేడు, దానిని వదలుకొనలేడు. ఆ కుటుంబము కోలుకొనుటకు ఒక తరము పట్టును.

అమ్మువానికి తెలిసి కొనువానికి తెలియని సంగతులు ప్రతి యింటికిని కొన్ని ఉండును. వానకాలమున ఏ మూల కారునో, పొరుగువానితో ఏ గోడ తగవు నడచుచున్నదో, పాత పెట్టెలో ఏ కాగితము దాగియున్నదో యజమానికే తెలియును. వీనిలో అడుగకున్నను చెప్పి తీరవలసినవి ఏవి? అడిగిన పిమ్మట చెప్పవలసినవి ఏవి? చెప్పకున్నను దోషము లేనివి ఏవి? ధర్మమును బట్టి చూచినచో సమాధానము సులభము. చట్టమును బట్టి అంత సులభము కాదు. అయినను కష్టార్జితము నిలుచుటయు పోవుటయు చట్టమును బట్టియే గనుక దానినే ముఖ్యముగా పరిశీలింపవలసియున్నది.

ఈ తగవు రెండు వేల ఏండ్లకు పైబడినది. క్రీ. పూ. 44లో రోము నగరమున సిసెరో అను మహావక్త కర్తవ్యములను గూర్చి తన కుమారుని సంబోధించుచు ఒక గ్రంథము వ్రాసెను. దాని మూడవ భాగమున ఒక ఇంటి బేరము ప్రస్తావింపబడినది. ఒక పెద్దమనిషి ఇల్లు అమ్మజూపెను. ఆ యిల్లు ఆరోగ్యమునకు మంచిది కాదు. పడక గదులన్నిటను పాములు కనబడుచుండును. కలప నాసి, ఎప్పుడు కూలునో తెలియదు. ఈ సంగతులు యజమానికి తప్ప అన్యులకు తెలియవు. అతడు చెప్పకుండ అమ్మినచో అధర్మమగునా? డయోజెనీసు అను తత్త్వవేత్త కాదనెను. కొనుమని ఎవరును బలవంతపెట్టలేదు గదా, తన సరకులోని లోపములను తానే చాటింపు వేయించుకొను వర్తకుడు ఎక్కడనైన కలడా అని అతని వాదము. అతని శిష్యుడైన యాంటిపేటరు ఔననెను. దారి తప్పినవానికి దారి చూపకుండుటయే ఏథెన్సు నగరమున నింద్యము. ఎరిగి ఎరిగి ఒకనిని పొరపాటున పడనిచ్చుట అంతకంటె చెడ్డదని అతని వాదము. సిసెరో శిష్యుని పక్షమే వహించెను.

ఆ గ్రంథముననే మరియొక కథ కలదు. కేనియస్ అను రోమీయుడు విశ్రాంతికై సిరక్యూసు పట్టణమునకు పోయి, అచ్చట ఒక చిన్న తోట కొనగోరెను. పైథియస్ అను వడ్డీవ్యాపారి తన తోట అమ్మకమునకు లేదని చెప్పుచునే అతనిని మరునాటి విందునకు పిలిచెను. పిలిచి, జాలరులను రప్పించి, ఆ దినము తన తోట ముందరనే వలలు వేయవలెనని పురమాయించెను. కేనియస్ వచ్చునప్పటికి ఎటు చూచినను పడవలే. ప్రతి జాలరియు తాను పట్టిన చేపలు తెచ్చి గృహస్థుని పాదముల కడ కుప్పపోయుచుండెను. సిరక్యూసు చేపలన్నియు ఇచ్చటనే దొరకును, ఈ తోట లేనిదే వారికి గడవదు అని పైథియస్ చెప్పెను. అతిథి ఆశపడి, అడిగినంత ధర ఒప్పుకొని, సామగ్రితో సహా కొనెను. మరునాడు మిత్రులను పిలుచుకొని వచ్చి చూడగా ఒక్క తెడ్డును కానరాలేదు. నేడు జాలరులకు సెలవు దినమా అని పొరుగువానిని అడిగెను. ఇచ్చట ఎవరును చేపలు పట్టరనియు, నిన్న వారేల వచ్చిరో తనకును వింతగానే తోచినదనియు ఆ పొరుగువాడు చెప్పెను. అట్టి మోసమునకు ఆనాటికి న్యాయస్థానమున మందు లేకపోయెను. ఇప్పటి వెంచరుల ప్రారంభోత్సవములలో బారులు తీరిన కార్లను, చేతిలో రసీదులతో తిరుగు బేరగాండ్రను చూచినవారికి పైథియస్ ఇంకను చావలేదని తోచును.

మందు దొరికిన వ్యాజ్యమును సిసెరోయే చెప్పినాడు. రోము నగరపు సీలియన్ గుట్టపై క్లాడియస్ సెంటుమాలస్ అనువానికి ఒక ఇల్లుండెను. పక్షిశకునములు చూచు అధికారులు, తమ చూపునకు అడ్డువచ్చుచున్న ఎత్తైన భాగములను పడగొట్టుమని అతనికి ఉత్తరువిచ్చిరి. అతడా మాట దాచి ఇల్లు అమ్మివేసెను. కొన్నవానికిని అదే ఉత్తరువు వచ్చెను, అతడు పడగొట్టెను. ఉత్తరువు తన కంటె ముందే అమ్మినవానికి అందియుండెనని తరువాత తెలియవచ్చెను. న్యాయాధిపతియైన మార్కస్ కేటో, ఎరిగియుండి చెప్పనందున ఆ నష్టమును అమ్మినవాడే భరింపవలెనని తీర్పు చెప్పెను. శకునముల అధికారికి బదులు పురపాలక సంఘపు అధికారిని నిలిపినచో ఇది నిన్నటి వార్త వలెనే ఉండును.

భారతదేశపు పూర్వులు ఈ చిక్కును మరియొక విధమున పరిష్కరించిరి. కౌటిల్యుని అర్థశాస్త్రమున, మూడవ అధికరణమున, వాస్తు విక్రయమును గూర్చిన విధులు కలవు. ఇల్లు అమ్మదలచినవాడు దానిని రహస్యముగా అమ్మరాదు. ఆ యింటి ముందరనే, ఇరుగుపొరుగు నలువది కుటుంబములవారు వినుచుండగా ప్రకటింపవలెను. పొలమో, తోటయో, చెరువో అయినచో పొరుగువారును గ్రామవృద్ధులును ఉండగా, హద్దులు ఉన్నవి ఉన్నట్లుగా చెప్పవలెను. ఈ ధరకు కొనువారెవరని ముమ్మారు పిలువవలెను. ఎవరును అడ్డు చెప్పనిచో కొనువాడు కొనవచ్చును. దాయాదులకు, పొరుగువారికి, అప్పిచ్చినవారికి కొనుటలో ముందుహక్కు ఉండెను. తరచి చూడగా ఈ పద్ధతి యందలి తెలివి తెలియును. అమ్మువాడు చెప్పకున్నను, తగవున్నవాడు ఆ నలువది కుటుంబములలో ఒకడై నిలిచి తానే చెప్పును. మైసూరు ప్రాచ్య గ్రంథాలయమున పనిచేయుచుండిన శామశాస్త్రిగారు తమ చేతికి వచ్చిన తాటాకు ప్రతిని గుర్తించి 1909లో అచ్చువేయించి యుండనిచో ఈ సంగతి లోకమునకు తెలిసియుండెడిది కాదు. గ్రంథాలయములు చేయు మేలు ఇట్టిది.

ఇక నేటి చట్టము. ఆస్తి బదిలీ చట్టము 1882వ సంవత్సరపుది. దానిలోని 55వ సెక్షను అమ్మువాని విధులను, కొనువాని విధులను వరుసగా చెప్పుచున్నది. ఇల్లు కొనువారిలో నూటికి ఒకరైనను ఆ పేజీ చదువుదురో లేదో సందేహము. మొదటి విధి ఇది: ఆస్తిలో గాని, ఆస్తిపై తనకు గల హక్కులో గాని ముఖ్యమైన దోషముండి, అది తనకు తెలిసి, కొనువానికి తెలియక, సాధారణమైన జాగ్రత్తతో కొనువాడు కనుగొనజాలనిది అయినచో, అమ్మువాడు దానిని అడుగకున్నను చెప్పవలెను. చెప్పకుండుట వంచన అని ఆ సెక్షనే స్పష్టముగా పలుకుచున్నది. రెండవది: అడిగినచో తన వద్దనున్న హక్కు పత్రములన్నియు పరిశీలనకు చూపవలెను. మూడవది: ఆస్తిని గూర్చి, హక్కును గూర్చి కొనువాడు వేయు సంబంధిత ప్రశ్నలకు తనకు తెలిసినంత మట్టుకు సమాధానము చెప్పవలెను. అమ్మకపు తేదీ వరకు గల పన్నులు, శిస్తులు చెల్లించుటయు, భారములతో కూడ అమ్ముచున్నానని ఒప్పుకొననిచో తాకట్టు మొదలగు భారములను తీర్చుటయు అతని బాధ్యతయే.

మొదటి విధిలోని ప్రతి మాటకును బరువు కలదు. దోషము ముఖ్యమైనదిగా ఉండవలెను. తలుపు గడియ వదులైనదని చెప్పకున్నచో వంచన కాదు. ముఖ్యమైనదనగా ఏమి? 1834లో ఇంగ్లండున తీర్పైన ఫ్లైట్, బూత్ అనువారి వ్యాజ్యము దీనికి కొలబద్ద అయినది. లండను కోవెంట్ గార్డెన్ ప్రాంతపు కౌలు ఇల్లు ఒకటి వేలమునకు వచ్చెను. దుర్గంధాది బాధ కలిగించు వ్యాపారములు చేయరాదని మాత్రమే ప్రకటన యందుండెను. మూల పత్రమున చూడగా పండ్లు, కూరగాయల వర్తకము మొదలగు ఎన్నో సాధువ్యాపారములును నిషిద్ధములై యుండెను. ఆ సంగతి ముందే తెలిసినచో కొనువాడు బేరమే చేసియుండడని తలచుటకు వీలున్న దోషము ముఖ్యదోషమని అచ్చటి న్యాయమూర్తి నిర్ణయించెను. కొలబద్ద సామాన్యునికిని అర్థమగునట్టిది. తెలిసినచో కొనియుండునా? ఇదియే ప్రశ్న.

రెండవ షరతు, అది అమ్మువానికి తెలిసియుండవలెను. పునాదిలో దోషమున్నను యజమాని ఎరుగనిచో చెప్పలేదను నింద అతనిపై పడదు. మూడవ షరతే తగవులకెల్ల మూలము: సాధారణ జాగ్రత్తతో కనుగొనలేనిదై యుండవలెను. కంటికి కనబడు దోషములు కొనువాని పూచీ. వీధిపోటు ఉన్నదని చెప్పలేదని దావా వేసినచో న్యాయస్థానము నవ్వును. వీధియు ఇల్లును ఎదుటనే ఉన్నవి గదా.

గూఢమైన దోషములకు తెలుగునాట కొదువ లేదు. కృష్ణా, గుంటూరు ప్రాంతముల నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు కుంచించును. పునాది తగినంత లోతు లేనిచో ఏటేటను గోడలు చీలును. అమ్మకమునకు ముందు ఆ చీలికలను మూసి రంగు వేయించినచో అది మౌనముకంటె పెద్ద తప్పు. 1872 నాటి కాంట్రాక్టు చట్టపు 17వ సెక్షను ప్రకారము, ఎరిగియున్న సంగతిని పనిగట్టుకొని మరుగుపరచుట మోసము. ఇంటిక్రింద పూడ్చిన పాడుబావి ఉండవచ్చును. మరుగుదొడ్డి తొట్టి పొరుగువాని స్థలములో ఉండవచ్చును. నూతినీటిలోని ఫ్లోరైడు సంగతి మరియు విచిత్రము. దానికి రుచి లేదు, వాసన లేదు, నీరు తేటగానే ఉండును. దంతములను ఎముకలను పాడుచేయు ఈ నీటి వ్యాధిని గూర్చి 1937లోనే ఆనాటి నెల్లూరు జిల్లా ప్రాంతమున వైద్యులు పరిశోధించి వ్రాసిరి. నల్లగొండ జిల్లా దానివలన పడిన బాధ జగద్విదితము. లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని భారతీయ ప్రమాణము. తన నూతి నీరు పరీక్ష చేయించి, తాగుటకు పనికిరాదను కాగితము పెట్టెలో దాచుకొన్నవాడు నీటివసతి గల ఇల్లు అని అమ్ముట ఈ సెక్షను ముందు నిలుచునది కాదు.

వరద సంగతి కొంత చిక్కైనది. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ మొదలైన ప్రాంతములు దినముల తరబడి నీట మునిగియుండెను. అది లోకమెరిగిన వార్త గనుక కొనువాడు విచారించుకొనవలసినదేనని అమ్మువాడు వాదింపవచ్చును. కాని ఈ యింటిలో నీరు ఎంత ఎత్తున నిలిచినదని కొనువాడు అడిగినపుడు, గుమ్మము దాటలేదని బొంకినచో ఆ వాదమునకు తావు లేదు. అడిగినదానికి తెలిసినంత మట్టుకు చెప్పవలెనను మూడవ విధి అడ్డుతగులును. అందుచేత కొనువాడు అడుగుట నేర్చుకొనవలెను. వీలైనచో వ్రాతపూర్వకముగా అడిగి, వ్రాతపూర్వకముగా బదులు తీసికొనవలెను. మధ్యవర్తి చెప్పిన తీపిమాట న్యాయస్థానమున నిలుచుట కష్టము.

హైదరాబాదు చెరువుల కథ ఇంకను విషాదకరము. 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వము హైడ్రా అను సంస్థను ఏర్పరచెను. చెరువుల పూర్తి నీటిమట్టపు పరిధిలోని కట్టడములను ఆ సంస్థ కూల్చినప్పుడు, వానిని కొనియున్న కుటుంబములు పలువురు ఈ సంగతి తమకెవరును చెప్పలేదని వాపోయిరి. వేసవిలో చూచిన స్థలము ఎండిన మైదానము. అది చెరువు అని కన్ను చెప్పదు. రెవిన్యూ పటము చెప్పును, అమ్మువాడు చెప్పవలెను.

ఇంటి గోడలలోని దోషమునకు తాపీమేస్త్రి కలడు. హక్కులోని దోషమునకు మేస్త్రి లేడు. తెలుగునాట అధికముగా దాచబడునదియు ఇదియే. ముఖ్యముగా ఆడపడుచుల వాటా.

తండ్రి స్వార్జితమైన ఇల్లు, వీలునామా లేకుండ ఆయన మరణించినచో, 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ప్రకారము కొడుకులకు, కూతుళ్లకు, భార్యకు, తల్లి బ్రతికియున్నచో ఆమెకు సమాన భాగములు చెందును. పూర్వుల ఆస్తిలో కూతురునకు పుట్టుకతో హక్కునిచ్చు సవరణ ఆంధ్రప్రదేశమున 1985 సెప్టెంబరు 5 నుండి అమలైనది. అయితే అప్పటికే వివాహమైనవారికి అది వర్తింపలేదు. 2005 సెప్టెంబరు 9 నుండి కేంద్ర సవరణ కూతుళ్లందరికిని ఆ హక్కునిచ్చినది. నివాసగృహము విషయమున ఆడవారు పంపకము కోరరాదను పాత నిబంధనయు ఆ సవరణతోనే తొలగిపోయినది. ఆ తేదీనాటికి తండ్రి జీవించియుండవలసిన పని లేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చిచెప్పెను. 2004 డిసెంబరు 20కి పూర్వము జరిగిన అమ్మకములు మాత్రము ఈ సవరణచే కదలవు.

ఇంత జరిగినను అన్నదమ్ములు సంతకములు చేసి ఇల్లు అమ్ముచునే యున్నారు. అక్కచెల్లెండ్ర సంగతేమని అడిగినచో, వారికి కట్నములిచ్చితిమి, పసుపుకుంకుమ క్రింద పొలమిచ్చితిమి అందురు. ఇచ్చినది ఇచ్చినట్లే, దానివలన ఇంటిలోని హక్కు పోదు. ఆ హక్కు వదలుకొన్నట్లు ఆమె రిజిస్టరు దస్తావేజు వ్రాసి యుండవలెను. లేదా క్రయదస్తావేజులో తానును చేరి సంతకము చేయవలెను. పదేండ్ల తరువాత ఆమె పంపకమునకు దావా వేసినపుడు ఆమెను నిందించు లోకము, ఆమె పేరే ఎత్తకుండ అమ్మిన అన్నను ఒక్క మాట అనదు. ఆమె అడుగుచున్నది తన భాగము. చెప్పకుండ దాచినది అతడు. నడుమ నలిగినది కొన్నవాడు.

మైనరు పిల్లల ఆస్తియు ఇట్టిదే. 1956 నాటి మైనారిటీ, సంరక్షకత్వ చట్టము ప్రకారము తండ్రియైనను తల్లియైనను న్యాయస్థానపు అనుమతి లేనిదే మైనరు స్థిరాస్తి అమ్మరాదు. అమ్మినచో ఆ బిడ్డ పెద్దవాడైన మూడేండ్ల లోపల దానిని రద్దుచేయించుకొనవచ్చును. ప్రభుత్వము భూమిలేని బీదలకిచ్చిన డి-పట్టా స్థలముల అమ్మకమును 1977 చట్టము నిషేధించినది. ఆ షరతులు కాలక్రమమున కొంత సడలినను, స్థలము అట్టిదని కొనువానికి చెప్పకుండ అమ్ముట వానిని వీధిలో నిలుపుటయే. ఏజెన్సీ ప్రాంతములలో 1959 నాటి ఒకటవ రెగ్యులేషను, 1970 సవరణతో కలిపి, గిరిజనేతరునికి స్థిరాస్తి బదిలీ కాకుండ చేసినది. గ్రామకంఠములోని ఇండ్లకు అసలు పత్రములే ఉండవు. 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన స్వామిత్వ పథకము వాని కొలతలకు కార్డులిచ్చుటకు ఉద్దేశింపబడినది.

సబ్ రిజిస్ట్రారు కచేరిలో ఈసీ తీసికొంటిమి, ఏమియు లేదని వచ్చినది, ఇక భయమేమి అనువారు పెక్కురు. ఈసీ తప్పక తీసికొనవలెను. రిజిస్టరైన పత్రము సంగతి కొనువానికి తెలిసినట్లే చట్టము భావించును గనుక, తీసికొననివాడు ఎరుగనని మొరపెట్టుకొనుట కష్టము. కాని ఈసీలో కనబడునవి రిజిస్టరైన పత్రములు మాత్రమే. వీలునామాకు రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. నోటిమాటతో జరిగిన పంపకము అందులో ఉండదు. ఏడాదికి మించని అద్దె ఒప్పందము ఉండదు. కోర్టులో నడచుచున్న దావా ఉండకపోవచ్చును. దావా నడచుచుండగా కొన్నవాడు ఆ తీర్పునకు బద్ధుడగును. హక్కు పత్రములు అప్పగించి అప్పు తెచ్చు పద్ధతి ఒకటి కలదు. దానికి దస్తావేజు వ్రాయనక్కరలేదు. అసలు పత్రములు పోయినవి, నకళ్లు మాత్రమే ఉన్నవని అమ్మువాడు చెప్పినపుడు ఈ సంగతి మొదట స్ఫురింపవలెను. ఈ లోటులన్నిటిని పూడ్చుటకే చట్టము అమ్మువాని నోటిపై బాధ్యత నుంచినది. అతడు తప్ప చెప్పగలవాడు లేడు.

మరియొక సంగతి. ఇంటిలో అద్దెకున్నవారిని కొనువాడు తప్పక పలుకరింపవలెను. స్వాధీనములో ఉన్నవాని హక్కు కొనువానికి తెలిసినట్లే చట్టము తలచును. అద్దెవాడు అనుకొన్న మనిషి, ఆ యింటిని కొనుటకు ముందే ఒప్పందము చేసికొని బయానా ఇచ్చినవాడు కావచ్చును.

మౌనము ఎల్లప్పుడును మోసము కాదని కాంట్రాక్టు చట్టము చెప్పుచున్నది. వేలములో గుఱ్ఱమును అమ్ముచు దాని జబ్బును గూర్చి పలుకకున్నవాడు మోసగాడు కాడని ఆ చట్టమే దృష్టాంతమిచ్చినది. కాని కొనునది అప్పుడే యుక్తవయస్సు వచ్చిన తన కూతురైనచో అతడు చెప్పవలెనని దాని వెంటనే మరియొక దృష్టాంతము. గుఱ్ఱమునకు లేని రక్షణ ఇంటికి 55వ సెక్షను ఇచ్చినది. అయితే ఆ సెక్షను మొదటనే, వేరు ఒప్పందము లేనియెడల అను మాట కలదు. ఉన్నది ఉన్నట్లుగా కొనుచున్నానని ఒప్పందమున వ్రాయించుకొను తెలివిగల అమ్మకపుదారులు అందుకే బయలుదేరిరి. ఆ వాక్యము క్రింద సంతకము చేయుటకు ముందు కొనువాడు రెండుసార్లు ఆలోచింపవలెను.

క్రొత్తగా కట్టి అమ్ము సంస్థల విషయమున 2016 నాటి రేరా చట్టము మరింత కట్టుదిట్టము చేసినది. ఆమోదించిన పటములు, హక్కు వివరములు, పని ఎంతవరకు వచ్చినది అను సంగతులు అందరికిని కనబడునట్లు నమోదు చేయవలెను. రిజిస్టరు ఒప్పందము లేనిదే ధరలో 10 శాతమునకు మించి ముందుగా తీసికొనరాదు. కట్టడములో లోపము 5 ఏండ్ల లోపల బయటపడినచో సంస్థయే బాగుచేయింపవలెను. అయితే తన పాత ఇల్లు అమ్ముకొను సామాన్య గృహస్థునికి ఈ చట్టము వర్తింపదు. అతనికి 1882 నాటి సెక్షనే.

అమెరికాలో స్థిరపడిన తెలుగువారు ఇల్లు కొనునపుడు అమ్మువాడు నింపి ఇచ్చిన వివరముల పత్రము అందుకొందురు. కాలిఫోర్నియాలో ఇట్టి పత్రము 1987 నుండి విధింపబడినది. కప్పు, పునాది, నీటి గొట్టములు, పొరుగువారితో తగవులు మొదలగునవి అందులో ప్రశ్నలు. 1978కి ముందు కట్టిన ఇల్లైనచో సీసము కలిసిన రంగులను గూర్చి తెలిసినది చెప్పవలెనని దేశమంతటికిని చట్టము కలదు. ఆ యింటిలో ఎవరైన మరణించిరా అను సంగతి కూడ వారి చట్టములకు పట్టినది. మూడేండ్లకు పూర్వపు మరణమును గూర్చి చెప్పనక్కరలేదని కాలిఫోర్నియా నిర్ణయించినది. అడిగినచో మాత్రము బొంకరాదు. ఇచ్చట అట్టి నియమమేదియు లేదు. ఉరివేసికొన్న ఇల్లని ఊరంతయు గుసగుసలాడును గాని దస్తావేజు లేఖరి కలము ఆ మాట వ్రాయదు. అమెరికా పత్రమువంటి ఒక ముద్రిత ప్రశ్నావళి ఇచ్చటి క్రయములకును జతచేసిన ఎంతయో మేలు కలుగును. అది దుర్లభమైన సంస్కరణ ఏమియు కాదు.

మోసము బయటపడినపుడు ఏమి చేయవలెను? క్రయము పూర్తికాకముందే తెలిసినచో ఒప్పందము రద్దుచేసికొని ఇచ్చిన సొమ్ము అడుగవచ్చును. ఆ సొమ్మునకు ఆ యిల్లే పూచీగా నిలుచునట్లు 55వ సెక్షను ఏర్పాటు చేసినది. పూర్తియైన పిమ్మట తెలిసినచో నష్టపరిహారమునకో, దస్తావేజు రద్దునకో దావా వేయవచ్చును. రద్దు కోరువానికి మోసము తెలిసిన నాటినుండి మూడేండ్లే గడువు. తాను అమ్ముచున్న హక్కు తనకు కలదని, అమ్ముటకు అధికారము కలదని అమ్మువాడు హామీ ఇచ్చినట్లే చట్టము భావించును. దస్తావేజున ఆ వాక్యము లేకున్నను సరియే. దురుద్దేశముతో దాచినచో 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షను క్రింద అది నేరము కూడ. ఇచ్చట ఒక చేదు నిజము చెప్పక తప్పదు. స్టాంపు ఖర్చు తగ్గునని అసలు ధరలో సగమే దస్తావేజున వ్రాయించిన కొనువాడు, నష్టము కోరునపుడు ఆ మిగిలిన సగము ఇచ్చినట్లు ఏ కాగితముతో చూపగలడు?

చెప్పవలసిన బాధ్యత అమ్మువానిదే అని తలచరాదు. అదే సెక్షను కొనువానికిని ఒక విధి విధించినది. అమ్మువాని హక్కు అతడు అనుకొన్నదానికంటె అధికమైనదని, దానివలన ఆస్తి విలువ చాల పెరుగునని కొనువానికి తెలిసి, అమ్మువానికి తెలియనిచో కొనువాడు ఆ మాట చెప్పవలెను. దాచినచో అదియు వంచనయే. మనోవర్తి క్రింద వచ్చిన ఇంటిలో తనకు జీవితాంతము అనుభవము మాత్రమే కలదనుకొను వృద్ధ వితంతువును తలచుకొనవలెను. 1956 చట్టపు 14వ సెక్షనుచే అట్టి పరిమిత హక్కు సంపూర్ణ హక్కుగా మారినది. ఆంధ్రప్రదేశము నుండి పోయిన తులశమ్మ, శేషారెడ్డి వ్యాజ్యములో 1977లో సుప్రీంకోర్టు ఈ సంగతినే స్థిరపరచెను. ఇది తెలిసిన బేరగాడు, నీ హక్కు నీ ప్రాణమున్నంతవరకే గదా అమ్మా అని చెప్పి, ఆ యింటిని సగము ధరకు వ్రాయించుకొనినచో, వంచన చేసినవాడు అతడే.